బార్కస్ కొలత

జామతోట నాలుగు గుంటలు.
ఇద్దరన్నదమ్ములు. నడుమ నేను,
రిటైరవడానికి ఏడు నెలలున్న మండల సర్వేయర్ని,
భుజాన గొలుసు, చంకలో నలిగిన టిప్పన్.

అన్న ముబారక్ బిన్ అవద్. తమ్ముడు సాల్మిన్.
తాతలు హద్రమౌత్‌లో ఓడెక్కి వచ్చి
నిజాం ఫౌజులో తుపాకి పట్టినోళ్ళు.
బ్యారక్స్ అనే మాట నోళ్ళలో నలిగి బార్కస్ అయినట్టే
వీళ్ళ అరబ్బీ నలిగి నలిగి
"బరాబర్ నాపో సాబ్" అయింది.

పాత హద్దురాయి కోసం పార వేస్తుంటే
ఎదుటి హోటల్ టీవీలో గాజా.
పిండి రంగు దుమ్ములో ఒక పిల్లవాడు
ఒంటి చెప్పు చేత్తో పట్టుకొని నిలబడ్డాడు.
అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే తలలు దించారు.
పదకొండేళ్ళ దావాలో
వాళ్ళు కలిసి చేయగా నేను చూసిన పని అదొక్కటే.

"భూమి తగాదా యాడైనా ఒక్కటే" అన్నాను,
తెలివి ఒలకబోస్తూ.
ముబారక్ తల అడ్డంగా ఊపాడు.
"ఒక్కటి కాదు సాబ్.
నిన్ను మేమిద్దరం కలిసి పిలిచినం.
ఆడ గొలుసు పట్టినోణ్ణి ఎవరు పిలిచిన్రు?"

గొలుసు బరువు అప్పుడు తెలిసింది.
నా ఇత్తడి పిడి మీద ఉన్న సీమ కంపెనీ ముద్రే
అక్కడి గుట్టల మీదా ఈడ్చుకుంటూ పోయి ఉంటుంది.
దానికి పొడవు తప్ప మరేమీ తెలియదు.
రెండు వేల ఏళ్ళ ప్రార్థనే మా పట్టా అన్నవాళ్ళనూ,
ముత్తాత తవ్విన బావే మా పట్టా అన్నవాళ్ళనూ
ఒకే లింకుల్లో లెక్కపెట్టింది.

ఖహ్వా తాగుతుండగా ముబారక్ లోపలికెళ్ళి
గుడ్డలో చుట్టిన జంబియా తెచ్చాడు.
వంకీ కత్తి. వెండి ఒర.
"కత్తి మా వాళ్ళ కొలిమిది.
ఒర మాత్రం హబ్బాన్ ఊరి యూదుడు కొట్టింది.
జకర్యా అని పేరట."
అడుగున నాలుగు అక్షరాలు,
బెల్లానికి చేరిన చీమల్లా. అరబ్బీ కాదు.
"చదవడం మాకు రాదు. తాత చెప్తే నమ్మినం.
మూడు మేకలకు బేరం. రెండే ఇచ్చి తాత ఓడెక్కిండు."

తర్వాత ఆ జకర్యా మనుమలూ కదిలారట,
గల్లీకి గల్లీ సుత్తులూ పటకార్లూ మూటగట్టుకొని.
దిగినచోట ఏ ఇంటి గడప చూపించారో,
ఆ గోడకు ఎవరి పిల్లల ఎత్తు గీతలున్నాయో.
పొగగొట్టాల దేశాల నుంచి
ఒంటి ప్రాణంతో బతికొచ్చినవాళ్ళు పక్కింట్లో.
వాళ్ళకైనా కాలు మోపడానికి అడుగు నేల కావాలి కదా.
ఆ అడుగు కింద నుంచి లేపబడ్డవాడికీ కావాలి.

నలభై ఎనిమిది.
ఆ ఏడే సెప్టెంబర్‌లో ఇక్కడికీ ట్యాంకులొచ్చాయి.
వీళ్ళ పెదనాన్నను ముళ్ళకంచెలో కూర్చోబెట్టి
"మీ దేశం పో" అన్నారు.
ఆయన పుట్టింది ఈ జామచెట్ల కిందే.
తెలిసిన అరబ్బీ నమాజుకు సరిపోయేంత.
ఏ దేశమని అడిగాడట. జవాబుగా ఓడెక్కించారు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు మా దిక్కు.
నేనూ ఎన్ని పంచాయితీల్లో ఆ మాట వాడలేదు!
కానీ ఒకడి కత్తిని కొలిచి, దాని వంపు తెలుసుకొని,
ఇంకొకడు ఒర చేశాడన్న సంగతి
ఏ సామెతలోనూ వినలేదు.

"పంపకంలో కత్తి నీకు, ఒర నాకు" అన్నాడు సాల్మిన్.
ఎగతాళికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.
ముబారక్ ఒరను లుంగీ అంచుతో తుడుస్తూ
"మూడో మేక ఇంకా బాకీ ఉంది సాబ్,
ఎవరికి కట్టాలె?" అన్నాడు.
నా పంచనామాలో ఆ కాలమ్ లేదు.

సాయంత్రానికి పార ఠంగుమంది.
జామవేరు కౌగిట్లో రాయి,
నక్షాలో ఉన్నచోటు నుంచి జానెడు జరిగి.
ఎటు జానెడో ఇప్పుడు చెప్పాలి.
ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు.